ఇది నా మాట గాదు గదమ్మా

అనంతపురం పాత ఊళ్లో మా సభ్యురాలొకరి ఇంటి మిద్దె మీద ఒక గది ఉంది. ప్రతి నెలా రెండో శనివారం, వంటిళ్లు సర్దుకొని, మధ్యాహ్నం మూడు గంటలకల్లా పదకొండు మంది ఆడవాళ్లం అక్కడికి చేరుకుంటాము. ఒక పుస్తకం అనుకొని, నెల రోజులు ఎవరింట్లో వాళ్లం చదువుకొని, ఆ రోజు దాని మీద మాట్లాడుకోవడమే మా అధ్యయన మండలి పని. దీనికి పేరు లేదు, రిజిస్ట్రేషను లేదు, అధ్యక్షురాలు అసలే లేదు. బ్యాంకులో పనిచేసి విరమించిన ఒకామె, ప్రభుత్వాసుపత్రి నర్సు, అంగన్‌వాడీ టీచరు, బట్టలు కుట్టి సంసారం నడిపే ఒక చెల్లెలు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి, ఇంకా ఇటువంటి వాళ్లమే అందరమూ. నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పాఠం చెప్పినదాన్ని. ఎర్ర సిరా పెన్ను ఇప్పటికీ నా సంచిలో ఉంటుంది.

2021 ఫిబ్రవరి చివర్లో రాయలసీమ కథకులు సింగమనేని నారాయణ గారు పోయారు. మార్చికి అనుకున్న పుస్తకం పక్కన పెట్టి, ఆయన కథలూ, ఆయన కూర్చిన సీమ కథల సంకలనమూ చదివాము. మాటల మధ్యలో బట్టలు కుట్టే చెల్లెలు, "ఇట్లాంటి కతలు రాసేటోళ్లు మా మేనత్త ఇంటికి వస్తాండ్రంటక్కా. ఆయమ్మ ఇంకా ఉండాది. మామ పుస్తకాల పెట్టె గూడా అటక మీద అట్లే ఉండాది" అంది. పెట్టె చూడాలని అందరికీ అనిపించింది. పెట్టెకన్నా ముందు ఎనభై ఎనిమిదేళ్ల ఆ అవ్వ మాట వినాలని నర్సు పట్టుబట్టింది. పెట్టె అటక మీద ఇంకో పదేళ్లయినా ఉంటుంది, అవ్వ సంగతి చెప్పలేమని ఆమె లెక్క. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఈ లెక్క తొందరగా వస్తుంది.

వెళ్లే ముందు, సీమ సాహిత్యోద్యమం గురించి మాకు తెలిసినది ఒక కాగితం మీద పెట్టుకుందామని ఆ పని నాకు అప్పగించారు. 1800లో నిజాం ఇంగ్లీషు వాళ్లకు వదిలేసిన ఈ జిల్లాలను నూటపాతికేళ్లకు పైగా దత్తమండలాలనే పిలుస్తూ వచ్చారని, 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అన్న పేరు స్థిరపడిందని, ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు గారు మా ఊరి దత్తమండల కళాశాలలోనే తెలుగు చెప్పేవారని మొదట రాశాను. అంతకు రెండేళ్ల ముందు, 1926లో, పప్పూరు రామాచార్యులు ఇదే ఊళ్లో సాధన పత్రిక పెట్టారు. సీమలో కథ 1940 దాటితే గాని పుట్టలేదని చాలా కాలం అందరూ చెప్పుకుంటూ వచ్చారు, నేనూ తరగతిలో అట్లే చెప్పాను. సాధన పాత సంచికలను వెతికి పట్టి అప్పిరెడ్డి హరినాథరెడ్డి గారు చేసిన పని వెలుగులోకి వచ్చి, 2014లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించిన తర్వాత, ఆ లెక్కను వెనక్కు జరుపుకోవలసి వచ్చింది. ఇక తరిమెల నుంచి వచ్చిన విద్వాన్ విశ్వం, 1956 నాటి ఆయన కావ్యం 'పెన్నేటిపాట', 1952 కరువు, గంజి కేంద్రాలు, ఆ తర్వాతి కథకుల తరం, మధురాంతకం రాజారాం గారికి 1993లో, కేతు విశ్వనాథరెడ్డి గారికి 1996లో, మా అనంతపురం బండి నారాయణస్వామి గారికి 2019లో వచ్చిన అకాడమీ పురస్కారాలు, ఇవన్నీ రాసేసరికి కాగితం రెండు వైపులా నిండింది.

అంతా విని అంగన్‌వాడీ టీచరు, "ఇందులో ఆడోళ్లు యాడ మేడం?" అని అడిగింది. తాళ్లపాక తిమ్మక్క, మొల్ల అన్నాను. అక్కడి నుంచి ఇరవయ్యో శతాబ్దానికి దూకడానికి నా దగ్గర మెట్టు లేదు. పుట్టపర్తి నారాయణాచార్యుల వారి భార్య కనకమ్మ గారు స్వయంగా కవయిత్రి అన్న సంగతి కూడా ఆ పూట నాకు తట్టలేదు. ఆడవాళ్ల ఊసు వస్తే తిమ్మక్కనూ మొల్లనూ చూపించి తప్పుకోవడం మా పండితులకు పాత అలవాటు, నన్ను కలుపుకొనే చెబుతున్నాను.

ఆ మార్చిలోనే నలుగురం వెళ్లాము. నేను ఇరవై రెండు ప్రశ్నలు రాసుకొని పోయాను. అవ్వ వసారాలో మంచం మీద కూర్చుని, మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది. "సీమ సాహిత్యోద్యమంలో మీ భర్త గారి పాత్ర ఎటువంటిది?" అన్నది నా మొదటి ప్రశ్న. ఆమె నా వైపు కాసేపు చూసి, "నాకేం దెల్సమ్మా. ఉద్యమం గిద్యమం నాకు దెల్దు. ఆయప్ప రాస్తాన్య, నేను వంట జేస్తాంటి, అంతే" అంది. తక్కిన ఇరవై ఒక్క ప్రశ్నలకూ ఇంచుమించు ఇదే జవాబు. ఫోనులో రికార్డు చేసినదీ పనికిరాకుండా పోయింది. నెత్తి మీద ఫ్యాను చప్పుడు అవ్వ గొంతును మింగేసింది, వంటింట్లో కుక్కరు నాలుగు కూతలు పెట్టింది, పన్నెండో నిమిషంలో ఎవరో ఫోను చేయగా రికార్డింగు ఆగిపోయిన సంగతి ఇంటికి వచ్చేదాకా మేము గమనించలేదు.

ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో విడత ఊరిని కమ్ముకుంది. మళ్లీ ఆగస్టులో గాని ఆ గడప తొక్కలేదు. ఈలోగా చందాలు వేసుకొని చిన్న రికార్డరు ఒకటి కొన్నాము. ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగా దాచుకోవాలని, ఒక దుప్పటి మడిచి బల్ల మీద వేసి దాని మీద రికార్డరు పెడితే బల్ల అదురు వినపడదని, ఫ్యాను ఆపవలసిందే గనుక పొద్దున ఎనిమిదింటికే వెళ్లాలని తెలుసుకున్నాము. ఈసారి ప్రశ్నల కాగితం నా సంచిలోనే ఉండిపోయింది. నర్సు మంచం పక్కన కింద కూర్చుని, "ఎంతమంది వస్తాండ్రవ్వా?" అంది.

"ఐదారు మంది. ఒగోసారి పదిమంది."

"ఏం పెడ్తాంటివి?"

అక్కడ తలుపు తెరుచుకుంది. గుంతకల్లు పాసింజరుకు దిగేవాళ్లు ఎవరు, కాఫీ తాగనివాళ్లు ఎవరు, జొన్నరొట్టెలోకి చెనిక్కాయల ఊరిబిండి ఎంత నూరితే సరిపోయేది, కొలిమి మాదిరి కాలే ఆ వంటింట్లో తలుపు సందు నుంచి ఏమేం వినపడేది, ఆమె గంటా పదినిమిషాలు ఆగకుండా చెప్పింది. ఒకసారి కథ చదువుతూ ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చారట. కథలో రైతు పుస్తకాల మాట మాట్లాడాడని ఒకరు, సీమ మాట రాస్తే మద్రాసు పత్రిక వాళ్లు అచ్చువేయరని ఇంకొకరు. "బాగుండే కత జదివితే నేను రొట్టె తట్టేది నిలిపేస్తాంటి. సప్పుడు లేకపోతే ఆయప్పకు తెలుస్తాన్య, లోపల నేను వింటాండానని" అంది. సాహిత్య సభల నివేదికలు నేను చాలానే చదివాను గాని, కథ బాగుందో లేదో రొట్టె చప్పుడును బట్టి కనిపెట్టిన రచయిత వాటిలో ఎక్కడా తగలలేదు.

ఆమె జ్ఞాపకాలకు ఇంగ్లీషు తేదీలు లేవు. "పెద్దపిల్ల నందన కార్తీకంలో పుట్టె, అప్పుడు గంజి కేంద్రాల కాడ జనం" అంటే అది 1952 అక్టోబరు-నవంబరు. "విజయలో కర్నూలు రాజధాని అయితానే ఆయప్పకు ఆ పక్క బదిలీ అయ్యె" అంటే 1953. ఈ లెక్క కట్టడానికి మేము పెట్టుకున్న సూత్రం చాలా చిన్నది. 1927 ఉగాదికి ప్రభవ వచ్చింది, అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోవడమే. అయితే ఉగాది మార్చిలోనో ఏప్రిల్లోనో వస్తుంది గనుక, సంవత్సరం చివరి రెండు మూడు మాసాలు ఇంగ్లీషు లెక్కలో మరుసటి ఏటికి పోతాయి. మన్మథ మాఘం అని ఉన్న ఒక ఉత్తరాన్ని మేము మొదట 1955 కింద రాసుకున్నాము, అది 1956 ఫిబ్రవరి-మార్చి. బ్యాంకు ఆమె పట్టుకోకపోతే ఆ తప్పు అట్లాగే ఉండిపోయేది.

ఆ రోజు పోయేటప్పుడు అవ్వే పెట్టె దింపించింది. రేకు ట్రంకు పెట్టె. పై వరసలో పాత పంచెలో మూట కట్టిన పత్రికలు, కింద ఉత్తరాలు, వాటి కింద నోటు పుస్తకాలు. ఒక మూల చెదలు తిని మట్టి గూడు కట్టింది. ఇటువంటి పెట్టెలు రెండు ఉండేవట. రెండోది ఇల్లు సున్నం కొట్టించేటప్పుడు అడ్డంగా ఉందని పాత పేపర్ల బండికి తూకానికి వేశారు. ఎవరు వేశారో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

పత్రికల పని మొదలుపెట్టిన వారంలో నేనొక పొరపాటు చేశాను. చినిగిన పేజీలను సెల్లో టేపుతో అతికించాను. ఇరవై ఆరు పేజీలు, చాలా శ్రద్ధగా. పిల్లల పుస్తకాలు అతికించిన చేయి కదా, అది సరైన పని అనుకున్నాను. తర్వాత మేము కడప వెళ్లి, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి శ్రమించి బ్రౌన్ దొర నివాస స్థలంలో నిలబెట్టిన గ్రంథాలయాన్ని, అక్కడి తాళపత్రాలను చూసి వచ్చిన తర్వాత, పాత కాగితాల సంరక్షణ గురించి కొంత చదివాము. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి దిగి అక్షరాన్ని మచ్చ చేస్తుందని, ఆ తర్వాత దాన్ని లాగితే అచ్చు కూడా లేచి వస్తుందని అప్పుడు తెలిసింది. పల్చని జపాన్ టిష్యూ కాగితమూ గోధుమ స్టార్చి జిగురూ వాడవలసింది. ఆ ఇరవై ఆరు పేజీలు అట్లాగే ఉన్నాయి. పీకడానికి చేయి రాలేదు. వాటిని ముందుగా స్కాన్ చేసి పెట్టుకున్నాము.

స్కానింగు పనిని డిగ్రీ అమ్మాయికి అప్పగించాము. తుప్పు పట్టిన గుండుసూదులను మొదట తీసేయాలి, తుప్పు ఉన్న చోటే కాగితం ముందుగా విరుగుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము వీపు నుంచి అంచుకు తుడవాలి. పత్రిక కాగితం పల్చన గనుక వెనక పేజీ అచ్చు ఇవతలికి కనపడుతుంది. పేజీ కింద నల్ల కాగితం పెడితే ఆ నీడ పోతుందని ఆ అమ్మాయే కనిపెట్టింది. అంగుళానికి 400 చుక్కల చొప్పున టిఫ్ ఫైలు ఒకటి దాచుకోవడానికి, చిన్న జేపెగ్ ఒకటి చదువుకోవడానికి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత పేజీ సంఖ్య. ఆ బొమ్మల నుంచి అక్షరాలు లాగే సాఫ్ట్‌వేరును కూడా ప్రయత్నించాము గాని, పాత అచ్చులోని అరసున్నలను సున్నలుగా, వలపలగిలకలను తొమ్మిది అంకెగా చదివి పెట్టింది. దాన్ని దిద్దడంకన్నా చేత్తో కొట్టుకోవడమే నయమని వదిలేశాము.

అసలు కథ రికార్డింగును కాగితం మీద పెట్టేటప్పుడు జరిగింది. ఆ గంటా పది నిమిషాల మాటను రాయడానికి నాకు తొమ్మిది పూటలు పట్టింది. తెలుగు పండితురాలినని ఆ పనిని నేనే అడిగి తీసుకున్నాను. రాసిన ప్రతిని ఆమెకు వినిపించి ఒప్పుకోలు తీసుకోవాలన్నది మేము ముందే పెట్టుకున్న నియమం గనుక, సెప్టెంబరులో ఒక ఉదయం డిగ్రీ అమ్మాయి అవ్వ పక్కన కూర్చుని నా ప్రతిని చదివింది. "మా ఆయన కథ రాసి ఇచ్చేవారు. నేను పొయ్యి దగ్గర కూర్చొని, చూసి రాసేదాన్ని. చీకటి పడితే బుడ్డిదీపం పెట్టుకునేదాన్ని." నాలుగు వాక్యాలు అయ్యేసరికి అవ్వ చేయెత్తి ఆపింది.

"ఎవరి మాటలమ్మా ఇవి?"

"నీవే కదవ్వా."

"ఇది నా మాట గాదు గదమ్మా. ఇంత శుద్ధంగా నేనెప్పుడు మాట్లాడితి? ఎవరో టీచరమ్మ మాట్లాడినట్లుండాది."

నేను ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాను. ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు, ఆ ప్రతి రాసింది నేనని ఆమెకు తెలియదు. ఇంటికి వచ్చి హెడ్‌ఫోను పెట్టుకొని మళ్లీ విన్నాను. ఆమె అన్నది, "ఆయప్ప కత రాసి ఇస్తాన్య. నేను పొయ్యికాడ కూచ్చోని జూసి రాస్తాంటి. మొబ్బయితే బుడ్డి ముట్టిస్తాంటి." 'ఇస్తాన్య' అన్న మాటను నేను విన్నాను, రాయలేదు. 'మొబ్బు'ను చీకటి చేశాను. మా అమ్మ కూడా మొబ్బనే అనేది. తొమ్మిది పూటల పాటు నా చేయి తనంతట తాను ఈ పని చేసుకుంటూ పోయింది, ఎక్కడా నాకు అనుమానం రాలేదు. 31 ఏళ్లలో సీమ పిల్లల కాంపోజిషన్ పుస్తకాల్లో ఎన్ని 'పోతాండాము'ల కింద ఎర్ర గీత గీశానో లెక్క లేదు. రైతు నోట ఏ మాట పెట్టాలని ఆ రచయితలు ఈమె వసారాలో కొట్టుకునేదాకా పోయారో, ఆ కొట్లాటను విన్న మనిషి నోటి మాటనే నేను దిద్దిపెట్టాను.

తర్వాతి రెండో శనివారం పుస్తకం చదవలేదు, దీని మీదే కూర్చున్నాము. ఉన్నది ఉన్నట్టు రాస్తే చదివేవాళ్లు అవ్వను ఎగతాళిగా చూస్తారేమోనని బ్యాంకు ఆమెకు భయం. కోస్తా వాళ్లకు అర్థం కాదని ఇంకొకరు. "అర్థం గాకుంటే అడుక్కుంటారు, మనం వాళ్ల మాట నేర్సుకోల్యా?" అని బట్టలు కుట్టే చెల్లెలు తేల్చేసింది. చివరికి విన్నది విన్నట్టే రాయాలని, ఒక్క అక్షరం కూడా మార్చకూడదని, అర్థం తెలియని మాటకు పేజీ చివర చిన్న వివరణ ఇవ్వాలని నిర్ణయించుకున్నాము. ఇది చెప్పినంత సులభం కాదు. 'వస్తాన్య' చివర పలికే అచ్చు ఆకారమూ కాదు, ఏకారమూ కాదు, రెంటికీ నడుమ నోరు వెడల్పు చేసి పలికేది. దానికి తెలుగులో అక్షరం లేదు. సీమ కథకులు కొందరు దాన్ని యకారపు ఒత్తుతో అచ్చువేస్తూ వచ్చారు గనుక మేమూ అదే పట్టుకున్నాము. ఒకే అవ్వ ఒకే వాక్యంలో ఒకసారి 'యాడ', ఒకసారి 'ఏడ' అంటే రెండూ అట్లాగే ఉంచాము. ఫోనులో మాట చెబితే తనే టైపు చేసే సదుపాయం ఉంది గదా అని చూస్తే, అది నాకన్నా పెద్ద పండితురాలు. నేను 'ఉండాది' అని చెబితే 'ఉంది' అని కొట్టి చూపించింది. మొత్తం ప్రతిని మళ్లీ మొదటి నుంచి రాశాను, ఈసారి పదహారు పూటలు పట్టింది.

'జూసి రాస్తాంటి' అన్న మాట దగ్గర ఈ రెండోసారి ఆగాను. మొదటిసారి దాన్ని దిద్దే తొందరలో అర్థం పట్టించుకోలేదు. ఆమె కథలను సాపు రాసేది. భర్త రాత కలగాపులగంగా ఉండేదని, పత్రికలకు పంపే ప్రతి ఆమె చేతిదేనని అడిగితే చెప్పింది. ఆ నోటు పుస్తకాలు ట్రంకు పెట్టె అడుగున ఉన్నాయి. మన్మథ శ్రావణం, అంటే 1955 జులై-ఆగస్టు నాటి పుస్తకం ఒకటి తీసి, అదే కథకు భర్త రాసిన చిత్తు ప్రతిని పక్కన పెట్టి, డిగ్రీ అమ్మాయీ నేనూ ఒక పూట వరస వరసా పోల్చి చూశాము. కరువుకు ఊరు విడిచిపోతున్న కుటుంబంలో కోడలు వెళ్లనని మొండికేసే ఘట్టం అది. చిత్తులో ఆ కోడలు, "నేను వెళ్లను. నా బిడ్డను ఇక్కడే పెంచుకుంటాను" అంటుంది. సాపు ప్రతిలో, గుండ్రని అక్షరాలతో, "నేను పోను. నా బిడ్డని ఈడ్నే సాక్కుంటా" అని ఉంది. అచ్చయిన కత్తిరింపు కూడా దొరికింది. అందులో 'సాక్కుంటా' అనే ఉంది.

ఆ ఒక్క కథలో ఆడవాళ్ల మాటలు పదకొండు చోట్ల అట్లా మారాయి. మగవాళ్ల మాటలు ఒక్కటీ మారలేదు. ఆ సంగతి అడిగితే అవ్వ ఏమంత విశేషంగా తీసుకోలేదు. "ఆడోళ్లు ఎట్ల మాట్లాడుకుంటారో ఆయప్పకేం దెల్సు? తప్పుగా ఉంటే నేను సరిజేస్తాంటి. ఆయప్ప జూసి నగుతాన్య, తీసెయ్యల్యా" అంది. ఆమె దిద్దిన దిద్దుబాటు, నేను దిద్దిన దిద్దుబాటు ఒకే బల్ల మీద ఉన్నాయి. ఏది ఏ దిశలో పోయిందో చూసి డిగ్రీ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇది పట్టుకొని సీమ కథల్లో ఆడవాళ్ల మాటలన్నీ భార్యలే రాశారని చెప్పడానికి వీల్లేదు. ఒక పెట్టె, ఒక నోటు పుస్తకం, ఒక అవ్వ. అయినా దీన్ని ఎక్కడ నమోదు చేయాలన్న ప్రశ్న వచ్చింది. మా జాబితాలో 'రచయిత' అన్న గడి ఉంది, అందులో భర్త పేరు రాశాము, అది న్యాయమే. దాని పక్కన 'చేతిరాత' అని కొత్త గడి ఒకటి గీసి అందులో అవ్వ పేరు రాశాము. ఆ గడి ఏర్పడిన తర్వాత మిగతా ఇళ్ల నుంచి వచ్చిన కాగితాలనూ అదే చూపుతో మళ్లీ తిరగేశాము. ఇప్పటిదాకా ఏడిళ్లు తిరిగాము. రెండిళ్లలో ఆ గడి నిండింది, మూడిళ్లలో ఖాళీగా ఉంది, ఒకచోట కూతురి చేయి తేలింది. ఏడో ఇంట్లో కొడుకు గారు మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి, అమ్మకు ఆరోగ్యం బాగాలేదని చెప్పి పంపేశారు. ఆమె లోపలి నుంచి "ఎవర్రా?" అని అడగడం మాకు వినపడింది.

హక్కుల సంగతి ముందే తెలుసుకోకపోవడం మా తప్పు. రచయిత పోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు వారసులది. విద్వాన్ విశ్వం 1987లో పోయారు గనుక ఆయన రచనల మీద 2047 చివరిదాకా హక్కు ఉంటుంది. పేరు లేకుండా అచ్చయిన వాటికి అచ్చయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. ఉత్తరాల సంగతి ఇంకా చిక్కు. కాగితం అందుకున్నవాళ్ల సొత్తే గాని, అందులోని రాత రాసినవాళ్లది. అవ్వ పెట్టెలోని ఉత్తరాలు దాదాపు అన్నీ ఇతరులు రాసినవి గనుక వాటిని స్కాన్ చేసి దాచుకున్నాము, బయట పెట్టలేదు. ఒప్పుకోలు పత్రాన్ని తెలుగులో ఒక పేజీకి మించకుండా రాసి, చదివి వినిపించి, ఏది ఎవరికి చూపించవచ్చు, ఏది చూపించకూడదు అని విడివిడిగా అడుగుతాము. ఇంకొక ఇంట్లో పెద్దావిడ తన భర్త ఉత్తరాల కట్ట ఒకటి ఇచ్చి, తాను పోయేదాకా ఎవరూ విప్పకూడదంది. అది దారంతో కట్టి, కవరు మీద ఆ మాట రాసి పెట్టాము. నాతో సహా ఎవరమూ చూడలేదు.

అన్నింటికీ రెండు హార్డు డిస్కులు. ఒకటి మిద్దె మీది గదిలోని బీరువాలో, రెండోది మా సభ్యురాలి కూతురు కాపురముండే కడపలో. ఒకే ఊళ్లో రెండూ పెట్టకూడదన్నది నియమం. ఆరు నెలలకొకసారి రెంటినీ తెరిచి ఫైళ్లు పాడయ్యాయేమో చూస్తాము.

రెండో ప్రతిని అవ్వకు వినిపించడానికి 2022 జనవరిలో, సంక్రాంతి పోయిన వారానికి వెళ్లాము. ఈసారి నేనే చదివాను. 'ఇస్తాన్య' దగ్గర నా నోరు తిరగలేదు, అవ్వ రెండుసార్లు పలికించింది. అంతా అయ్యాక సంతకం పెట్టడానికి పెన్ను తీసుకుంది. నా సంచిలో చేతికి అందింది ఎర్ర సిరాది. వద్దని నీలం పెన్ను వెతికి ఇచ్చాను. సంతకం పెట్టి, ఆ నోటు పుస్తకం మొత్తం మిషనులోకి ఎక్కించారా అని అడిగింది. ఎక్కించామన్నాము.

"ఎనక పేజీలు గూడానా? ఆడ పాల లెక్కలుండాయి."

"అవి కూడా అవ్వా. ఒక్క పేజీ విడవలేదు."

కాసేపు ఆలోచించి, "అయితే పాలాయనకు ఆరణాలు బాకీ ఉన్నట్లు రాసింటాను. అది ఇచ్చేసినాను. ఆ సంగతి గూడా యాడన్నా రాయండమ్మా, రేపు సదివినోళ్లు ఇయ్యలేదనుకుంటారు" అంది.

జాబితాలో ఆ పుస్తకానికి ఎదురుగా, వివరాల గడిలో, ఆరణాలు ముట్టినట్టు రాసి తేదీ వేశాము.